పిడికెడు జొన్నలు

మా అవ్వ విసుర్రాయి ముందు కూర్చుంటే మొదట చేసే పని విసరడం కాదు. చేటలో పోసుకున్న జొన్నల్లోంచి కుడిచేత్తో ఒక పిడికెడు తీసి, గోడవార ఉన్న నల్లకుండలో వేసేది. గింజలు కుండలో పడిన చప్పుడు వినిపించాకే రాయి పిడి పట్టుకునేది. పిండి అయ్యాక మిగిలిందాంట్లోంచి వేయవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "మిగిల్తే ఏసేది కాదు పాపా, ముందు తీసేది" అంది. నేనూ వేస్తానని మారాం చేస్తే కుండ నా ముందుకు జరిపి, "నీ పిడికిలి చిన్నది, రెండు తూర్లు ఎయ్యి" అనేది.

అప్పటికి నాకు ఆరేడేళ్లు. మాది హొళగుంద. ఊరికి పడమట గేరిలో, అంటే మా దళితవాడలో, ఇల్లు. ఇల్లంటే మట్టిగోడలు, మట్టి మిద్దె. ఆ నల్లకుండకు మూత ఒక పగిలిన పెంకు. ఇంట్లో పండగైనా పస్తైనా ఆ పెంకు రోజుకొకసారి లేచేది. పస్తున్న రోజు పిడికెడు ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. ఆ రోజు కుండలో చెయ్యి పెట్టి, ఉన్న గింజలనే పైకీ కిందికీ ఒకసారి కలిపి, పెంకు మూసి, కళ్లు మూసుకునేది మా అవ్వ. వేయడానికి లేని రోజున కూడా కుండను పలకరించకుండా ఉండేది కాదు. ఆ కుండలోంచి తీసి వండుకోవడం మాత్రం నేను ఒక్కనాడూ చూడలేదు.

శనివారం పొద్దు వాలాక మా క్రైస్తవ సంఘం ఆడవాళ్లు ఇద్దరు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ఒకామె చేతిలో శేరు ఉండేది. కొలిచేది గుమ్మంలో కాదు, లోపల, పొయ్యి దగ్గర. ఎవరింట్లో ఎంత పోశారో పక్కింటికి వినపడకూడదని కట్టడి. శేరు నిండినా, అడుగున నాలుగు గింజలే ఉన్నా సంచిలో కలిసిపోయేది. ఆదివారం ఆరాధన అయ్యాక అందులో కొంత గుడి వాకిట్లో వేలం వేసేవాళ్లు. ఆ డబ్బు దీపానికి కిరసనాయిలుకు, చాపలకు. ఒక వంతు ఉపదేశయ్య ఇంటికి. మిగిలింది ఆ వారం ఎవరికి అక్కరుంటే వాళ్లకు. బాలింత ఉన్న ఇంటికి, మొగుడు పోయిన మనిషికి, పాము కరిచి మంచాన పడ్డ కూలివాడికి. ఆ మూట చీకటి పడ్డాక వెళ్లేది. తీసుకున్నవాళ్ల పేరు మరుసటి వారం ప్రార్థనలో కూడా వినపడేది కాదు.

ఈ పిడికెడు గురించి రాయాలని చాలా ఏళ్లుగా నా మనసులో ఉంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఆ ముప్పై ఏళ్లలో ఒక మాట ఎన్నోసార్లు విన్నాను. మంచి మనసున్నవాళ్లు, నాతో కలిసి అన్నం తిన్నవాళ్లు కూడా అన్నారు. మీవాళ్లు కూటికోసమే కదమ్మా కిరస్తానంలో కలిసింది అని. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఆ పెంకుమూత చప్పుడు గుర్తొచ్చేది. కూటికోసం కలిసినవాళ్లు కూట్లోంచి ముందుగా పిడికెడు తీసి పక్కన పెట్టడం ఎలా నేర్చుకున్నారు? నాకు తెలిసినంతలో ఆ చరిత్ర చెబుతాను.

హొళగుంద అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది దేవరగట్టు. దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం, వేలాది మంది కర్రలు, దివిటీలు. అది మా మండలంలోదే. అటు దాటితే కర్ణాటక, సిరుగుప్ప. మా నోట్లో తెలుగూ కన్నడమూ కలిసే ఉంటాయి. ఇది దత్తమండలాల నేల. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి ఇచ్చేశాడు. పదేళ్లు తిరక్కుండానే, 1810లో లండన్ మిషనరీ సొసైటీ మనిషి జాన్ హ్యాండ్స్ బళ్ళారికి వచ్చి దిగాడు. కన్నడ బైబిలు మొత్తం ఆయన చేతుల మీదుగా 1831లో బళ్ళారిలో అచ్చయింది. అప్పట్లో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కదా మేము కర్నూలు జిల్లాలోకి వచ్చింది! అందుకే మా ఇంటి గూట్లో రెండు బైబిళ్లు ఉండేవి, కన్నడది ఒకటి, తెలుగుది ఒకటి. మా తాత కన్నడంలో చదివించుకుని తెలుగులో ప్రార్థన చేసేవాడు. దేవుడికి ఏ భాషలో అర్థమవుతుందోనన్న దిగులు ఆయనకు లేదు.

బళ్ళారి సంఘం అంటే పుస్తకాల్లో దొరల పేర్లే ముందు కనిపిస్తాయి. ఆ సంఘాన్ని ఏళ్ల తరబడి కాచినవాళ్లలో సామ్యూల్ ఫ్లావెల్ అనే దేశీయ బోధకుడూ ఉన్నాడు, 1847లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. పేరు ఇంగ్లీషుదే గానీ మనిషి దక్షిణాది తమిళుడు. ఆయన తర్వాత గ్రామాల్లో పనిచేసిన ఉపదేశుల్లో చాలామందికి పుస్తకాల్లో పేరైనా లేదు. కాలినడకన, మోకాలి లోతు నల్లరేగడిలో, చంకలో బైబిలు పెట్టుకుని తిరిగినవాళ్లు. వాన పడితే రేగడి చెప్పును వదలదు. చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చేవాడట మా ఊరి ఉపదేశి. ఆయన కాళ్లు కడగడానికి మా అవ్వవాళ్లమ్మ ముంత నీళ్లు పెట్టుకుని వాకిట్లో కాచుకునేదట. నీళ్లు లేని ఊళ్లో ముంత నీళ్లంటే ఏమిటో ఆదోని చుట్టుపక్కల పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక ధాత కరువు. 1876లో వానలు ఎగ్గొట్టాయి. తెలుగు ఏడు ధాత, అందుకే ఆ పేరు. 1878 దాకా జనం తేరుకోలేదు. మద్రాసు రాజధానిలో ఆ కరువు దెబ్బ ముందుగా, గట్టిగా తగిలిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య జిల్లా జనాభా దాదాపు అయిదో వంతు పడిపోయింది. రైలు లేక కాదు. మద్రాసు నుంచి ఆదోని మీదుగా రాయచూరు దాకా 1871కే పట్టాలు పడ్డాయి. గింజలు బండ్లలో వచ్చాయి, కొనే చేతిలో కాసు లేదు. కరువు పనుల్లో కూలి ఎంతివ్వాలో తేల్చడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర రోజుకు ఒక పౌను గింజలు, దానిమీద ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి సరిపోదని ఎదురు తిరిగాడు. పౌనంటే నాలుగు వందల యాభై గ్రాములు. రాళ్లు కొట్టే మనిషికి రోజంతటికీ అది.

మా అవ్వవాళ్లమ్మ ఆ కరువునాటికి చిన్నపిల్ల. పాతరల్లో గింజలు అయిపోయాక, ఖాళీ పాతరలోకి పిల్లల్ని తాడు కట్టి దింపి, గోడలకు అంటుకున్న గింజల్ని గీకించేవాళ్లట. ముక్కిపోయి, నల్లగా, చేదుగా ఉండేవట. పాతర లోపలి గాలికి ఊపిరాడక పైకి కేక వేస్తే లాగేవాళ్లట. ఈ ముచ్చట మా అవ్వ ఎప్పుడు చెప్పినా చివర్లో ఒకటే అనేది: "మాయమ్మ గీకిన గింజల్ని అందరూ పంచుకున్నారు. పైకి తెచ్చింది మాయమ్మే అయినా ఆమెకు ఎక్కువ పెట్టలా."

కరువు రోజుల్లోనే తూర్పున ఒంగోలులో జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి, కూటికోసం అన్న మాటకు అది సూటిగా తగులుతుంది కాబట్టి. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు పనిగా బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనిలో బతికారు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. సాయం అందుతున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వనని ఏడాదికి పైగా ఆపాడు. సాయం ముగిశాక, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేని రోజున తలుపు తీశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. గింజలు అయిపోయాక వచ్చినవాళ్లు వాళ్లు. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు ముందు దారి చూపినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. ఆయనా మాదిగే, తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. క్లౌ దొర ఒంగోలులో దిగకముందే నమ్మకంలోకి వచ్చిన మనిషి.

పిడికెడు అన్నది మాకు కొత్త మాటేమీ కాదు. పల్లెల్లో తెల్లారితే వాకిట్లోకి జోలె వస్తుంది. దాసరి, జంగమ, బుడబుక్కలవాడు, ఎవరొచ్చినా ఇంటావిడ పిడికెడు గింజలు వేసి పంపుతుంది. గేరి మాత్రం ఆ లెక్కలో ఇంకో వైపున ఉండేది. కళ్లంలో రాశి ఎత్తేరోజు అంచున నిలబడి, మేర గింజల కోసం కొంగు పట్టినవాళ్లం మేము. తోలు పనికి, చావు కబురు మోసినందుకు, డప్పు కొట్టినందుకు, పశువు చస్తే ఎత్తేసినందుకు ఏడాదికొకసారి ఇచ్చే గింజలు అవి. కొలిచి ఇచ్చేది కాదు, తోసి ఇచ్చేది. మా అవ్వ మాట అది. అలా తీసుకోవడానికే పుట్టామనుకున్న చేతులు మొదటిసారి వేరే మనిషి కోసం పిడికెడు తీయడం, అదీ తమ కూట్లోంచి ముందుగా తీయడం, నా దృష్టిలో మా చరిత్రలో పెద్ద మలుపు. బళ్ళారిలో అచ్చయిన బైబిలు కంటే, ఊళ్లో కట్టిన గుడి కంటే పెద్దది. ఇచ్చే చెయ్యి అయిన రోజున ఆ మనిషి నడుము నిలబడింది.

దీనికి వెల కట్టాల్సి వచ్చింది. మా తాత బాప్తిస్మం తీసుకున్నాక జాతరలో డప్పు కొట్టనని చెప్పాడు. తిట్టి చెప్పలేదు. పెద్దలముందు తలపాగా తీసి, చేతులు కట్టుకుని, నాకు చేతకాదు సామీ అన్నాడు. ఆ ఏడు ఆయనకు మేర ఆగిపోయింది. కూలికి పిలవడం మానేశారు. బావి దగ్గర ఎప్పుడూ లేని కొత్త కట్టడి వచ్చింది. ఆ ఏడంతా మా ఇంట్లో పొయ్యి వెలిగింది పిడికెడు గింజలతోనే అని మా నాయన చెప్పేవాడు. సంఘం మూట చీకట్లో మా గుమ్మం ముందు ఆగేది. తెచ్చినవాళ్ల ఇళ్లు కూడా మేర లేకుండా ఉన్నవే. మా తాత ఆ మూట అందుకుంటూ ఏడ్చేవాడట. మా అవ్వ మాత్రం ఆ మూటలోంచి కూడా మొదట పిడికెడు తీసి మా కుండలో వేసేదట. తమకు వచ్చిన సాయంలోంచి వేరేవాళ్ల సాయం! ఇది విన్నప్పుడు నాకు సారెపతు విధవరాలి పిండి తొట్టె గుర్తొస్తుంది. కరువులో చివరి పిడికెడు పిండితో ఏలీయాకు రొట్టె చేసి పెట్టిన ఆ ఆడమనిషి, బహుశా మా అవ్వలాగే నల్లగా, సన్నగా ఉండి ఉంటుంది.

ఈ పద్ధతి మా ఊరి సొంతం అనను. ఈశాన్య కొండల్లో మిజోవాళ్లు వంటకు బియ్యం తీసేటప్పుడు సంఘానికి పిడికెడు తీసే ఆచారం 1910లో మొదలుపెట్టారు, ఇప్పటికీ మానలేదు. మన తెలుగునాట దోర్నకల్లులో బిషప్ అజరయ్య దీన్ని ఇంటింటి ఆడవాళ్ల చేతుల్లో పెట్టాడు. తిరునెల్వేలి నుంచి వచ్చిన ఆ తమిళుడు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందాడు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభలో దొరల ముఖాన నిలబడి, మీరు త్యాగాలు చేశారు, బీదలకు పెట్టారు, మాకు మాత్రం స్నేహితులు కావాలి అని అడిగినవాడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్ల దగ్గర కానుక తీసుకోవడం పాపమని జాలిపడ్డవాళ్లు ఉన్నారు. ఆయన ఆ జాలిని ఒప్పుకోలేదు. బీదవాడి కానుక వద్దనడం వాణ్ణి చిన్నబుచ్చడమే అనుకున్నాడు. కోతల పండగకు కోడి, గుమ్మడికాయ, గంపెడు ధాన్యం, గుడ్లు తెచ్చి బల్ల ముందు పెట్టించాడు. 1939లో నిలిచిన దోర్నకల్లు దేవాలయానికి ఆ కానుకలూ పునాదిలో ఉన్నాయి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. మా గేరిలో మారింది తక్కువ. బోర్డు మారింది, కుండ మారలేదు. 1950ల మొదట్లో సీమకు మళ్లీ కరువొచ్చి సర్కారు గంజి కేంద్రాలు పెట్టినప్పుడు, గంజి కోసం వరుసలో నిలబడిన మా సంఘం ఆడవాళ్లు ముసలివాళ్లను ముందుకు పంపి తాము వెనక నిలబడేవాళ్లట. వెనక నిలబడితే అడుగున చిక్కటి గంజి దొరుకుతుందని ఎవరో ఎగతాళి చేస్తే, మరుసటి రోజు నుంచి ఆ అడుగు గంజి కూడా ముసలివాళ్ల ముంతల్లోనే పోయించారట.

స్వతంత్రం వచ్చాక పరీక్ష వేరే రూపంలో వచ్చింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చారు. హిందువు కానివారు షెడ్యూల్డు కులం కారని అందులో మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులకు ఆ తలుపు నేటికీ తెరుచుకోలేదు. మన రాష్ట్రంలో బీసీ-సి అని ఒక గది ఇచ్చారు, అందులో రిజర్వేషను ఒక్క శాతం. బావి దగ్గర కట్టడి, హోటల్లో వేరే గ్లాసు, అవి మాత్రం బాప్తిస్మం చూసి ఎవరూ తగ్గించలేదు.

జూన్ నెలలో బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో మతం, కులం అని రెండు గళ్లు ఉంటాయి. నా ముందు నిలబడ్డ తండ్రి అక్కడికి వచ్చేసరికి ఆగేవాడు. ఆదివారం నాతోపాటు అదే చాప మీద కూర్చునే మనిషే. "ఏం రాయమంటావ్ టీచరమ్మా?" అని అడిగేవాడు. చొక్కా జేబులో చిన్న సిలువ తాడు అంచు కనపడుతూ ఉండేది, దాన్ని లోపలికి తోసుకునేవాడు. నా పెన్ను అక్కడే ఆగేది. వాళ్లను నేను తప్పుపట్టలేదు, ఈ రోజుకీ పట్టను. పిల్లవాడి స్కాలర్‌షిప్పు, హాస్టల్లో పడక, రేపటి ఉద్యోగం ఆ గడిలో ఉన్నాయి. కొందరు క్రైస్తవుడనే రాయించారు, పిల్లలు ఫీజు కట్టలేక మధ్యలో మానారు. వాళ్లలో ఇద్దరి ఫీజు సంఘం పిడికెడు గింజల డబ్బుతో కట్టిన సంగతి నాకు తెలుసు, ఆ రసీదు రాసింది నేనే. ఇంకోరకంగా రాయించినవాళ్లు శనివారం సంచిలో రెండు పిడికెళ్లు ఎక్కువ పోశారు. అదీ నాకు తెలుసు. ఎవరి నమ్మకం గట్టిదని నన్నెవరైనా తూచమంటే నా చేతికి తక్కెడ రాదు. కానీ మనిషిని తన దేవుడికీ తన పిల్లవాడి చదువుకీ మధ్య నిలబెట్టి తేల్చుకోమనే చట్టం అన్యాయమని మాత్రం గొంతెత్తి చెబుతాను.

ఇప్పుడు మా వైపు జొన్న తగ్గింది. తుంగభద్ర దిగువ కాలువ మా మండలం మీదుగా పోతుంది, నీళ్లందిన చోట వరి, అందని చోట పత్తి, మిరప. ఇంట్లో వండేది ఎక్కువగా రేషన్ బియ్యం. విసుర్రాళ్లు పెరట్లో బోర్లా పడి ఉన్నాయి. సంఘాల్లో కానుక కవర్లు వచ్చాయి, ఫోనులో డబ్బు పంపడం వచ్చింది. కవరు మీద పేరు ఉంటుంది, ఎంతో రాసి ఉంటుంది. కుండకు పేరు లేదు. ఆ తేడా నన్ను కలత పెడుతుంది, దాచుకోను. పక్క పొయ్యి దగ్గర శేరు ఎంత నిండిందో వినకూడదన్న ఆ మర్యాద కవర్లో ఇమడదు.

క్రిస్మస్ దాటగానే గేరి సగం ఖాళీ అవుతుంది. సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తికి, బెంగళూరుకు. తలుపులకు తాళాలు, వాకిట్లో ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో బడి మానలేని పిల్లలు. ఆదివారం గుడిలో నలభై మంది కూర్చునే చోట తొమ్మిది మందిమి ఉంటాం. పోయినవాళ్లు మిరప చేల గట్టున గుడారాల్లో ఆదివారం రాత్రి పని దిగాక ఒకచోట చేరతారని, సెల్‌ఫోను లైటు వెలుగులో పాట పాడుకుంటారని వచ్చి చెబుతారు. ఒక్కో గుడారంలో ఒక్కో ఊరివాళ్లు. కోసిగి నుంచి, ఆలూరు నుంచి, రాయచూరు అవతల నుంచి వచ్చినవాళ్లు. జ్వరం పడితే చూసేది పక్క గుడారమే.

మొన్నటి ఏడు ఒక చిన్నది పెళ్లయిన కొత్తలో మొదటిసారి సుగ్గికి పోయింది. పోయే ముందురోజు నా దగ్గరకొచ్చి మూత గట్టిగా పట్టే డబ్బా ఏదైనా ఉందా పెద్దమ్మా అని అడిగింది. నెయ్యి డబ్బా ఖాళీది ఇచ్చాను. ఎందుకని నేను అడగలేదు.

ఈస్టరుకు వారం ముందు లారీ దిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఆ డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. బియ్యం. నాలుగు నెలల పిడికెళ్లు. డబ్బా ఒకసారి నిండితే గోతంలోకి పోసి మళ్లీ మొదలుపెట్టిందట, ఆ గోతం కూడా మొగుడు భుజాన మోసుకొచ్చాడు. బియ్యంలో అక్కడక్కడా పచ్చగా మిరప విత్తనాలు. ఘాటు గుడి అంతా పరుచుకుంది. ముందు వరుసలో పిల్లలు ఒకరి వెనక ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. పాస్టరయ్య కూడా తుమ్మి, కళ్లు తుడుచుకుని, శేరు తెమ్మన్నాడు. కొలవడానికి ఇద్దరు ఆడవాళ్లు లేచి, అలవాటు ప్రకారం, ఆ గోతాన్ని లోపలికి, గోడ చాటుకు తీసుకుపోయారు.